డిస్కునకు నిలుకడగల పేరు

వడ్డాదినుండి ఒక శ్రోత మాకు వ్రాసిన లేఖ ఈ ప్రసంగమునకు కారణమైనది. భీమునిపట్నమునుండి నర్సీపట్నమునకు పోవు మార్గమున, చోడవరము దాటిన తరువాత, పెద్దేటి యొడ్డున నున్న గ్రామము వడ్డాది. ఆ శ్రోత ఉపాధ్యాయుడు. సెలవు దినములలో చుట్టుపట్ల పల్లెలకు పోయి తప్పెటగుళ్ళవారి పాటలను, జముకుల కథలను, ఊడ్పులవేళ స్త్రీలు పాడు పదములను రికార్డు చేసి దాచుట ఆయన అలవాటు. ఇందుకై ఆయన రెండు బయటి హార్డుడిస్కులను కొనెను. ఒకదానిలో అసలు రికార్డులుండును. రెండవదానిలో వాని నకళ్ళుండును. రెండును ఒకే కంపెనీవి, ఒకే పరిమాణము గలవి, ఒకే రకపు నల్లని పెట్టెలలో నున్నవి. ఆయన కంప్యూటరుపై నడచునది లినక్సు.

పదునైదు దినముల కొకసారి, రాత్రివేళ, తనంత తానే నడచునట్లు ఆయన కంప్యూటరునకు ఒక ఆజ్ఞను వ్రాసిపెట్టెను. దాని సారాంశ మిది: 'ఎస్‌డిబి' అను డిస్కులో నున్నదానిని 'ఎస్‌డిసి' అను డిస్కులోనికి ప్రతి చేయుము, మొదటిదానిలో లేనిది రెండవదానిలో నున్నచో దానిని తీసివేయుము. రెండు డిస్కులును ఎల్లప్పుడు అచ్చుగ్రుద్దినట్లుండవలెనన్న కోరికతో చేసిన ఏర్పా టది. ఎన్నో నెలలు అది చక్కగా నడచినది. ఒకనాడు ఆయన డిస్కులను ఊడదీసి, బల్ల శుభ్రము చేసి, మరల తగిలించి, కంప్యూటరును వెలిగించెను. ఆ రాత్రి ఆజ్ఞ యథాప్రకారము నడచినది. తెల్లవారి చూచినచో అంతకు ముందు పదునైదు దినములలో రికార్డు చేసిన పాటలు రెండు డిస్కులలోను లేవు.

"డిస్కు చెడలేదు, కరెంటు పోలేదు, నేను ఏ మీటను పొరపాటుగా నొక్కలేదు, మరి యిది యెట్లు జరిగిన" దని ఆయన ప్రశ్న. ఆ పాటలు పాడినవారిలో పెక్కుమంది మరల పాడిరట. ఒక వృద్ధురాలు మాత్రము కూతురి యూరికి తరలిపోయినది. ఆమె పాడిన దంపుళ్ళ పాట మరల దొరకలేదట.

జరిగినదేమో చెప్పుట సులభము. 'ఎస్‌డిబి', 'ఎస్‌డిసి' అనునవి ఆ డిస్కుల పేర్లని ఆయన యెంచెను. అవి పేర్లు కావు, వరుస సంఖ్యలు. ఆ దినమున నకలు డిస్కు ముందుగా పలికినది, దానికి 'ఎస్‌డిబి' దక్కినది. అసలు డిస్కు వెనుక పలికినది, దానికి 'ఎస్‌డిసి' మిగిలినది. ఆజ్ఞ తనకు చెప్పినదానిని అక్షరాల నెరవేర్చినది: పాత నకలును అసలుపైకి ప్రతి చేసి, నకలులో లేని క్రొత్త పాటలన్నిటిని అసలునుండి తుడిచివేసినది. నకలు తీయు పనియే నాశనమునకు మార్గమగుట విడ్డూరముగా తోచవచ్చునుగాని, బయటి డిస్కులను వాడువారికి ఇది అరుదైన అనుభవము కాదు.

ఈ ఏర్పాటు ఎక్కడనుండి వచ్చినదో కొంచెము చూతము. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మున్నగువారు యునిక్సు అను ఆపరేటింగు సిస్టమును రచింప నారంభించిరి. కంప్యూటరునకు తగిలించిన ప్రతి యంత్రమును, అది డిస్కుగాని, టేపుగాని, ప్రింటరుగాని, ఒక ఫైలువలె కనిపింపవలెనని వారి సంకల్పము. ఆ ఫైళ్ళన్నియు 'డెవ్' అను సంచిలో నుండును. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు ఈ సంప్రదాయమునే స్వీకరించినది. మనదేశమున సీడాక్ సంస్థ 2007లో వెలువరించిన 'బాస్' అను సిస్టముగాని, స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో రూపొందించినదిగాని లినక్సు పునాదిపై కట్టినవే యగుటచే, మేము చెప్పబోవునది వానికిని చెల్లును.

'ఎస్‌డి' అనునది 'స్కజీ డిస్కు' అను మాటకు పొడి యక్షరములు. స్కజీ యనగా పెద్ద కంప్యూటరులకు డిస్కులను కలుపుటకు పూర్వము వాడిన పద్ధతి. నేటి యుఎస్‌బి డిస్కులును లినక్సు లోపల ఆ ద్వారముననే ప్రవేశించును గనుక వానికిని ఆ పేరే వచ్చినది. మొదట కనబడినది 'ఎస్‌డిఎ', తరువాతిది 'ఎస్‌డిబి', ఆపై 'ఎస్‌డిసి'. ఇరువదియారును అయిపోయినచో 'ఎస్‌డిఎఎ' అని మరల మొదలగును. డిస్కును భాగములు చేసినచో 'ఎస్‌డిబి' ఒకటి, 'ఎస్‌డిబి' రెండు అని అంకెలు చేరును.

వరుస ఏల మారును? యంత్రము వెలిగినపుడు సిస్టము గర్భమగు కెర్నెల్ ఒక్కొక్క డిస్కును పలుకరించి, సమాధానమునకై వేచి, తరువాతిదానికి పోవునని మనము తలంతుము. అట్లు చేసినచో చాల ఆలస్యమగును. అందుచే అది అన్నిటిని ఒక్కమారుగా పలుకరించును. ముందు పలికినదానికి ముందు అక్షరము. డిస్కు లోపలి చక్రము తిరుగ నారంభించుటకు పట్టు క్షణములు, మధ్యనున్న యుఎస్‌బి హబ్బు ఆలస్యము, ఏ రంధ్రమున తీగను దూర్చితి మనునది, అన్నియు వరుసను మార్చగలవు. ఇంకొక కారణమును కలదు. పని సాగుచుండగనే తీగ వదులై డిస్కు ఊడినచో, పాత పేరును ఏదో ఫైలు పట్టుకొనియుండుటచే కెర్నెల్ దానిని విడువలేదు. మరల తగిలించిన అదే డిస్కు 'ఎస్‌డిబి' గా వెళ్ళి 'ఎస్‌డిడి' గా తిరిగి వచ్చును.

చెరకు తోలు దినములలో కర్మాగారపు గేటువద్ద బండ్లు వరుస కట్టుట మన ప్రాంతమువా రెరిగినదే. పదునేడవ బండి అన్నచో ఆ పూటకు దాని స్థానము తెలియును. అది యెవరి చెరకో తెలియదు. రేపు పదునేడవది వేరొకరిది. లెక్క వ్రాయు గుమాస్తా రైతు పేరును విడిచి పదునేడవ బండి యని చిట్టాలో వ్రాసి, ఆ చిట్టాను నెలపొడుగున నమ్మినచో డబ్బు ఎవరికి చేరునో ఊహింపవచ్చును. మన శ్రోత వ్రాసిన ఆజ్ఞ అట్టి చిట్టా.

ఈ చిక్కు బయటి డిస్కులకే పరిమితము కాదు. పూర్వము కంప్యూటరు లోపలి సాధారణపు డిస్కులకు 'హెచ్‌డిఎ', 'హెచ్‌డిబి' అను పేర్లుండెడివి. 2007 ప్రాంతమున కెర్నెల్‌లోని పాత డ్రైవరుల స్థానమున క్రొత్తవి రాగా, అవియును 'ఎస్‌డి' వర్గములో కలిసిపోయినవి. పాత పేర్లతో పట్టికలు వ్రాసికొన్నవారి యంత్రములు సిస్టమును క్రొత్తది చేసిన మరునాడు తమ డిస్కులనే తాము గుర్తింపలేకపోయినవి. పేర్లను నిలుకడ చేయవలెనను పట్టుదలకు ఇదియు నొక ప్రేరణ. అంతకు ముందే, 2003లో, గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ అను ప్రోగ్రామరు 'యూడెవ్' అను సాధనమును ప్రకటించియుండెను. డిస్కు కనబడగానే యూడెవ్ దానిని పరీక్షించి, దాని లక్షణములనుబట్టి అదనపు పేర్లను 'డెవ్' సంచిలోని 'డిస్క్' అను ఉపసంచిలో చేర్చును. అచ్చట ఒకే డిస్కును పలువిధముల చూడవచ్చును: పెట్టిన పేరునుబట్టి, లోపల వ్రాసిన సంఖ్యనుబట్టి, తయారీదారు ఇచ్చిన క్రమసంఖ్యనుబట్టి, తగిలించిన రంధ్రమునుబట్టి. వీనిలో దేనిని నమ్మవలెననునదే మన ప్రశ్న.

పెట్టిన పేరును 'లేబుల్' అందురు. అది మనిషి చదువుటకు అనువైనది. 'పాటలు', 'నకలు' అని డిస్కు లోపలనే వ్రాసియుంచవచ్చును. కాని మన విశాఖ, అనకాపల్లి ప్రాంతములనుండి మాకు వచ్చు ఉత్తరములను చూచిన చాలును, పేరొక్కటియే ఎంతవర కుపకరించునో తెలియుటకు. సింహాచలపు అప్పన్న కటాక్షమున అప్పారావులు, అప్పలనాయుళ్ళు, అప్పలస్వాములు, సింహాచలములు ప్రతి యూరను కలరు. నూకాంబిక పేరు మీద నూకరాజులు, నూకాలమ్మలు కలరు. ఇంటిపేరు లేనిదే బహుమతి గెలిచిన అప్పలనాయుడెవరో మాకు బోధపడదు. వడ్డాది యన్నను అంతియే. అది ఊరిపేరును, ఇంటిపేరును. 1921లో శ్రీకాకుళమున జన్మించి, వ.పా. అని సంతకము చేసి, పత్రికల ముఖచిత్రములతో ఆంధ్రుల ఇండ్లలో ప్రవేశించిన వడ్డాది పాపయ్యగారిని తలపని వారుందురా? డిస్కుల లేబుళ్ళును అట్టివే. దుకాణమున కొన్న డిస్కులు పెక్కింటికి కంపెనీ పేరే లేబులై యుండును. అట్టివి రెండింటిని ఒకే కంప్యూటరునకు తగిలించినచో, తెరపై బొమ్మలతో నడచు సిస్టములు మొదటిదానిని ఆ పేరనే తగిలించి, రెండవదానికి అదే పేరు చివర 'ఒకటి' అను అంకెను చేర్చును. ఎవరికి అంకె పడునన్నది మరల వచ్చిన వరుసయే! తలుపు మార్చి అదే గదిలోనికి వచ్చినట్లైనది.

తెలుగువారికి లేబులుతో ఇంకొక చిక్కు కలదు. అది పుస్తకములలో చెప్పరుగాన కొంచెము నిలిచి చెప్పుదుము. లినక్సులో బహుళముగా వాడు 'ఎక్స్‌ట్ నాలుగు' అను ఫైలుసిస్టమున లేబులునకు 16 బైట్ల చోటు మాత్రమే కలదు. ఇంగ్లీషు అక్షరము ఒక్క బైటులో ఇముడును. యూనికోడు పద్ధతిలో సాధారణముగా వాడు 'యూటీఎఫ్-8' అను లిపిరూపమున తెలుగు వర్ణమునకు మూడు బైట్లు కావలెను. గుణింతపు గుర్తును, పొల్లును వేరువేరుగా లెక్కకు వచ్చును. 'వడ్డాది' అను మూడక్షరముల మాటను విడదీసినచో వకారము, డకారము, పొల్లు, రెండవ డకారము, దీర్ఘము, దకారము, గుడి అని ఏడు గుర్తులు. ఏడు మూళ్ళు ఇరువదియొకటి. చోటు పదునారే. కావున వడ్డాది అను పేరు ఆ డిస్కుపై తెలుగున ఇమడదు! 'చోడవరం' అని సున్నతో వ్రాసినను పదునెనిమిది బైట్లు, అదియు ఇమడదు. 'వాణి' యన్నచో పండ్రెండు, ఇముడును. 'నకలు' అన్నను పండ్రెండే. అయిదు గుర్తులకు మించని మాటను వెదకుకొనవలెనన్న మాట. డిస్కు భాగములను వ్రాయు 'జీపీటీ' అను క్రొత్త పద్ధతిలో మాత్రము ప్రతి భాగమునకును 36 గుర్తుల పేరు పెట్టు వీలు కలదు. అచ్చట తెలుగు వర్ణము ఒక్క గుర్తుగనే లెక్కకు వచ్చును గనుక వడ్డాది హాయిగా పట్టును. యూడెవ్ ఈ పేరును గూడ గుర్తించును. తమ డిస్కులకు తెలుగు పేర్లే యుండవలెనను పట్టుదల గలవా రీ మార్గమును వాడవచ్చును. ఆ పట్టుదల మాకు నచ్చినదే.

ఇక లోపల వ్రాసిన సంఖ్య. దీనిని 'యూయూఐడి' అందురు. డిస్కును మొదట సిద్ధపరచునపుడు, అనగా ఫార్మాటు చేయునపుడు, యంత్రము యాదృచ్ఛికముగా ఒక పెద్ద సంఖ్యను పుట్టించి డిస్కులోనే వ్రాసిపెట్టును. అది 128 బిట్ల సంఖ్య; ఎనిమిది, నాలుగు, నాలుగు, నాలుగు, పండ్రెండు చొప్పున విరిచి, మధ్య అడ్డగీతలు పెట్టి, 32 అంకెలు-అక్షరములుగా వ్రాయుదురు. ప్రపంచమున మరియొక డిస్కునకు యాదృచ్ఛికముగా అదే సంఖ్య వచ్చుట వ్యవహారమున అసంభవము. తీగ ఏ రంధ్రమున దూర్చినను, యంత్రము మార్చినను, వరుస యేదైనను, అది మారదు. పెన్‌డ్రైవులలో తరచు కనబడు 'ఫ్యాట్' పద్ధతిలో మాత్రము ఇంతటి సంఖ్య లేదు. నాలుగు, నాలుగుగా విరిచిన ఎనిమిది గుర్తుల చిన్న సంఖ్య యుండును. ఇంట వాడుకొను నాలుగైదు పరికరములకు అదియు చాలును.

టేపుల కాలమున రేడియో ఉద్యోగులకు ఈ సూత్రము మరొక రూపమున పరిచితమే. టేపుచుట్టను పెట్టు డబ్బాపై చీటి యుండెడిది. అయినను టేపు ఆరంభమున ప్రసంగము పేరును, తేదీని చదివి రికార్డు చేయుట మేలని పెద్దలు నేర్పెడివారు. డబ్బాలు తారుమారు కావచ్చును. టేపుపై పలికిన మాట టేపుతోనే పోవును. తయారీదారు క్రమసంఖ్య డబ్బాపై చీటి. యూయూఐడి టేపుపై పలికిన మాట.

ఊరిపేర్ల సంగతియు చూడుడు. చోడవరము సీమలోని దిబ్బిడ అగ్రహారమునకు సంబంధించిన తామ్రశాసనము ఒకటి కలదు. మత్స్యవంశపు అర్జునుడు శక సంవత్సరము 1191లో, అనగా 1269లో, వేయించినది. అందు ఈ సీమ పేరు 'ఒడ్డవాది'. అదియే నేటి వడ్డాది. జిల్లా పేరును నిలువలేదు: విశాఖపట్నము జిల్లాలో నుండిన గ్రామము 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలోనిదైనది. అయినను శ్రోతలు కొందరు పాత జిల్లా పేరునే వ్రాయుదురు. ఉత్తరములు చేరుచునే యున్నవి. అందుకు కారణము 1972 ఆగస్టు 15న తపాలాశాఖ ప్రవేశపెట్టిన ఆరంకెల పిన్‌కోడు. పేరు మనుష్యులకు, సంఖ్య బట్వాడాకు. డిస్కులకును రెండును ఉండుట మేలు.

ఆచరణకు వత్తము. డిస్కును తగిలించి, ఇంగ్లీషున ఎల్, ఎస్, బి, ఎల్, కె అను అయిదక్షరములను వ్రాసి, కొంత ఖాళీ విడిచి, అడ్డగీత, ఎఫ్ అని వ్రాసి మీట నొక్కినచో, తగిలించిన డిస్కులన్నియు వాని లేబుళ్ళతోను, యూయూఐడిలతోను తెరపై కనబడును. ఆ సంఖ్యను చేతితో వ్రాయక, యథాతథముగా ప్రతి చేసికొనవలెను. 32 గుర్తులలో ఒక్కటి తప్పినను పని జరుగదు.

తరువాత 'ఎఫ్‌స్టాబ్' అను పట్టిక. ఏ డిస్కును ఏ సంచిలో తగిలించవలెనో సిస్టమునకు తెలుపున దిది. డిస్కును ఇట్లు తగిలించుటనే మౌంటు చేయుట యందురు. ఒక్కొక్క డిస్కునకు ఒక్కొక్క పంక్తి, పంక్తికి ఆరు గడులు: డిస్కేది, ఎచ్చట తగిలించవలెను, ఏ ఫైలుసిస్టము, ఏ నిబంధనలు, చివర రెండంకెలు. మొదటి గడిలో 'ఎస్‌డిబి' అని వ్రాయక, 'యూయూఐడి' అని పెద్ద యక్షరములతో వ్రాసి, సమాన చిహ్నము పెట్టి, ప్రతి చేసికొన్న సంఖ్యను చేర్చవలెను. అటుపై డిస్కు 'ఎస్‌డిబి' గా వచ్చినను, 'ఎస్‌డిజెడ్' గా వచ్చినను, పాటల డిస్కు పాటల సంచిలోనే తగులును, నకలు డిస్కు నకలు సంచిలోనే తగులును. మీ ఆజ్ఞలలో సంచుల పేర్లే వ్రాయుడు. డిస్కుల వరుస పేర్లు వ్రాయకుడు.

బయటి డిస్కు విషయమున నాల్గవ గడిలో 'నోఫెయిల్' అను మాటను విధిగా చేర్చవలెను. లేనిచో, డిస్కు తగిలించని దినమున కంప్యూటరు దానికై వేచియుండును. 'సిస్టమ్‌డి'తో నడచు లినక్సులలో ఈ నిరీక్షణ మామూలుగా 90 సెకండ్లు. పిమ్మటను డిస్కు రాకున్న యంత్రము అత్యవసర స్థితిలో ఆగిపోవును. డిస్కు బీరువాలో నున్నదని కంప్యూటరే లేవకుండుట ఎవరికి సమ్మతము?

ఇచ్చట నొక గొయ్యి కలదు. చాలమంది ఇందు పడుదురు. డిస్కు తగిలించకున్నను సంచి ఉండనే యుండును. అది కంప్యూటరు లోపలి డిస్కులోని ఖాళీ సంచి. ఆ రాత్రి ఆజ్ఞ నడచినచో నకళ్ళన్నియు ఆ ఖాళీ సంచిలో పడి, లోపలి డిస్కును నింపివేయును. బయటి డిస్కునకు నకలు పోయినదని మనము నిశ్చింతగా నుందుము. ఇంతకంటె ప్రమాదము, అసలు డిస్కు తగలని రాత్రి. ఖాళీ సంచిని చూచి ఆజ్ఞ యేమనుకొనును? అసలులో ఏమియు లేదు గనుక నకలులో నున్నదంతయు తీసివేయవలెననుకొనును! కావున ప్రతి చేయుటకు ముందు రెండు సంచులలోను డిస్కులు నిజముగా తగిలియున్నవా అని ఆజ్ఞయే పరీక్షింపవలెను. 'మౌంట్‌పాయింట్' అను చిన్న సాధనము అందుకే కలదు; తగిలియుండనిచో ఆజ్ఞను అక్కడనే ఆపివేయునట్లు వ్రాయవచ్చును.

మేము ఇంకొక జాగ్రత్తను గూడ సూచింతుము. అసలు డిస్కులో 'అసలు' అను పేరుగల ఖాళీ ఫైలును, నకలు డిస్కులో 'నకలు' అను పేరుగల ఖాళీ ఫైలును ఉంచి, అవి తమ తమ తావుల నుండినగాని పని మొదలుపెట్టవలదని ఆజ్ఞకు చెప్పవలెను. ఈ గుర్తు ఫైళ్ళు పాటలున్న సంచికి వెలుపల ఉండవలెను, ప్రతి చేయునది పాటల సంచి మాత్రమే కావలెను. లేనిచో మొదటి రాత్రియే 'అసలు' అను ఫైలు నకలు డిస్కునకు ప్రతియై, 'నకలు' అను ఫైలు తుడుపుపడి, కాపలావాడే దొంగ వెంట పోయినట్లగును.

యూయూఐడి మారదంటిమిగదా, దానికి రెండు మినహాయింపులు కలవు. డిస్కును మరల ఫార్మాటు చేసినచో పాత సంఖ్య పోయి క్రొత్తది పుట్టును, పట్టికను దిద్దవలెను. రెండవది మరింత సూక్ష్మమైనది. 'డిడి' అను సాధనముతో ఒక డిస్కును బిట్టు బిట్టుగా మరియొక డిస్కుపైకి ఎత్తినచో, సంఖ్యయు దానితోపాటు పోవును. అపుడు ప్రపంచమున రెండవది లేదన్న సంఖ్య మన బల్లపైననే రెండు డిస్కులలో నుండును. 'ఎక్స్‌ఎఫ్‌ఎస్' అను ఫైలుసిస్టము ఇట్టి జంటలో రెండవదానిని తగిలించుటకు నిరాకరించును. అది మంచి స్వభావము. 'బిటిఆర్‌ఎఫ్‌ఎస్' విషయమున జంటను ఒకే యంత్రమునకు తగిలించుటయే హానికరము. 'ఎక్స్‌ట్ నాలుగు' నోరు మెదపదు. ఏది దొరకినచో దానినే తగిలించును. అందుచే ఇట్లు ఎత్తిన పిదప, రెండవదానికి క్రొత్త సంఖ్యను పుట్టించు ఆజ్ఞను వెంటనే ఈయవలెను. 'ఎక్స్‌ట్' వర్గమునకు 'ట్యూన్ టు ఎఫ్‌ఎస్' అను సాధనము ఆ పని చేయును.

తయారీదారు క్రమసంఖ్యను నమ్మవచ్చునా యని అడుగువా రుందురు. డిస్కు లోపలి సంఖ్య నిజముగా బయటికి వచ్చినచో అది మంచిదే. ఫార్మాటు చేసినను మారదు. కాని చవుకరకపు యుఎస్‌బి పెట్టెలు కొన్ని డిస్కు సంఖ్యకు బదులు తమ సంఖ్యను చెప్పును. అట్టి పెట్టెలు రెండు ఒకే సంఖ్యను చెప్పుటయు కలదు. రంధ్రమునుబట్టి గుర్తించుట, తీగలను ఎన్నడును కదల్పని పెద్ద యంత్రశాలలకు తగినది; ఇంటిలో బల్ల తుడుచువారికి తగదు. లినక్సు కాక యునిక్సు కుటుంబమున మరికొన్ని సిస్టములు కలవు. వానిలో ఓపెన్‌బీఎస్‌డి డిస్కునకు 16 గుర్తుల తన సొంత సంఖ్యను వ్రాసి, ఎఫ్‌స్టాబులో దానినే వాడును. దారులు వేరైనను సిద్ధాంత మొక్కటియే.

ఏర్పాటంతయు చేసిన తరువాత దానిని పరీక్షించుట మిగిలియున్నది. కంప్యూటరును ఆపి, రెండు డిస్కుల తీగలను కావలెననియే తారుమారు చేసి తగిలించి, మరల వెలిగింపుడు. పాటల సంచిలో పాటలే, నకలు సంచిలో నకళ్ళే యున్నవేమో గుర్తు ఫైళ్ళను చూచి నిర్ధారించుకొనుడు. ఇంకొకమారు నకలు డిస్కును తగిలింపకయే వెలిగించి, ఆజ్ఞ పని చేయక ఆగుచున్నదేమో చూడుడు. ప్రతి చేయుటకు మీరు 'ఆర్‌సింక్' అను సాధనమును వాడుచున్నచో, దాని కొక నిబంధన కలదు: అడ్డగీత, ఎన్. దానిని చేర్చినచో ఆర్‌సింక్ ఏ ఫైలును ముట్టదు. దానితో 'వి' అను నిబంధనను గూడ చేర్చినచో చేయబోవు పని పట్టికను మాత్రము చూపును. ఆ పట్టికలో 'తీసివేయుచున్నాను' అను అర్థముగల పంక్తులను ఒక్కొక్కటిగా చదువుడు. తీసివేయదగినవి తప్ప వేరొకటి కనబడనపుడు ఆ 'ఎన్'ను తొలగించి ఆజ్ఞను నడపవచ్చును.